రెబెకమ్మ నోరు

వీపనగండ్లలో మల్లమ్మకు పుట్టిన ఆడపిల్లల్లో రెబెకా అందరికంటే చిన్నది. నోరు మాత్రం అందరికంటే పెద్దది. పుట్టినప్పుడు ఆ పిల్ల పెట్టిన కేక చేను కాడ ఉన్న తండ్రికి వినపడిందని ఊళ్లో చెప్పుకుంటారు. ఆ చేను ఎంత దూరమో తెలిసినవాళ్ళు ఈ మాట నమ్మరు. రెబెకా గొంతు తెలిసినవాళ్ళు మాత్రం నమ్ముతారు.

తల్లిదండ్రులు గుంపు మేస్త్రీ వెంట కాలవ పనులకూ రోడ్డు పనులకూ షోలాపూర్ దాకా పోయేవాళ్ళు. పిల్ల కూడా వెంట పోయేది. అన్నం వేళైందని మట్టికుప్ప ఎక్కి కేక పెట్టడమే అక్కడ దాని పని. మేస్త్రీ ముచ్చటపడి కొనుక్కున్న ఈల జేబులోనే తుప్పు పట్టింది.

ఊళ్లో ఉన్న ఏడాది చర్చి పాస్టరు యేసయ్య క్రిస్మస్ నాటకంలో రెబెకాకు మరియమ్మ వేషం ఇచ్చాడు. మరియమ్మకు మాటలు తక్కువ గనక పిల్ల కాస్త అణిగిమణిగి ఉంటుందని ఆయన ఆశ. తెల్లని రెక్కలు కట్టుకుని దేవదూత వచ్చి శుభవార్త చెప్పబోతే మరియమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకుని, "ఎవరు నువ్వు? తలుపు కొట్టకుండ లోపలికి ఎట్ల వచ్చినవ్?" అని గదమాయించింది. దేవదూత చెప్పాల్సిన మాట మరచిపోయి వచ్చిన దారినే పోయాడు. మరుసటేడు యేసయ్య ఆలోచించి ఆమెకు హేరోదు రాజు వేషం వేయించాడు. గోనెపీచు గడ్డం తగిలించుకున్న రెబెకా "ఊర్ల ఉన్న పసిపోరగాండ్లనంత పట్టుకురాండ్రి!" అని అరిచేసరికి, ముందు వరుసలో కూర్చున్న తల్లులు పిల్లలను చంకనేసుకుని బయటికి నడిచారు. నాటకం అక్కడితో ఆగినా, ఆ హేరోదు గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు.

వనపర్తిలో ఆటో నడిపే సాంసన్‌కు ఆమెనిచ్చి పెళ్లి చేశారు. సాంసన్ మాటల పిసినారి. అవునంటే తల ఊపుతాడు, కాదంటే మీసం దువ్వుకుంటాడు. ఇద్దరికీ పంచాల్సిన మాటలన్నీ దేవుడు పొరపాటున ఒక్కదాని ఒళ్లోనే పోశాడని అత్తగారు అనుకునేది. రెబెకా పల్లికాయ మిల్లులో గింజలు ఏరే పనికి చేరింది. మిషను తిరుగుతుంటే అక్కడ మనిషి మాట మనిషికి వినపడదు. తక్కిన ఆడవాళ్ళు సైగలతో మాట్లాడుకుంటే, రెబెకా మాత్రం మిషను మీద పైచేయిగా మాట్లాడేది. పక్కన కూర్చునే తాజ్‌బీ ఒక చెవిలో దూది పెట్టుకుని, రెండో చెవితో కబుర్లన్నీ వినేది.

ఒక ఎండాకాలం, మిల్లు మూసి ఉన్న రోజుల్లో, శ్రీరంగాపూర్ గుడి దగ్గర సినిమా షూటింగ్ పెట్టారు. జాతర సీనులో నిలబడేందుకు ఆడవాళ్ళు కావాలంటే ఇద్దరూ పోయారు. తాజ్‌బీకి ఎవరో పెద్ద బొట్టు పెట్టి చేతిలో కొబ్బరికాయ పెట్టారు.

"మా ఫకీర్ చూసిండంటే నవ్వీ నవ్వీ కింద పడ్తడు" అంది తాజ్‌బీ, భర్తను తలుచుకుని.

సగం పూట గడిచాక వాళ్ళను తీసుకుపోదామని సాంసన్ ఆటో తెచ్చాడు. షూటింగ్ వాళ్ళ వ్యాను ఒకటి దారికి అడ్డంగా ఆగి ఉంది. దాని వెనక ఆటో ఇరుక్కుంది. చేతిలో మైకు పట్టుకుని జనాన్ని అదిలిస్తున్న ఒకతను సాంసన్ మీద విరుచుకుపడ్డాడు. సాంసన్ మీసం దువ్వుకున్నాడు. అప్పుడు జాతర జనంలోంచి రెబెకా గొంతు లేచింది.

"ఓ మైకు సారూ! గొట్టం పెట్టుకుంటె గాని వినిపియ్యని గొంతుతోటి మా ఆయనను బెదిరిస్తున్నవా? గొట్టం పక్కకు పెట్టి మాట్లాడు, చూస్త! దారికి అడ్డం పెట్టింది మీ బండి. కండ్లు కూడ కిరాయికి తెచ్చుకున్నవా ఏంది?"

చెరువు అవతలి గట్టున బట్టలు ఉతుకుతున్నవాళ్ళు చేతులు ఆపి ఇటు చూశారు. మైకు సారు మైకు దించేశాడు. గొడుగు కింద కూర్చున్న దర్శకుడు శ్రవణ్ కుమార్ మాత్రం పడీ పడీ నవ్వి, ఆమెను పిలిపించాడు.

"అమ్మా, కెమెరా ముందర ఇట్లనే తిడతావా?"

"ఎవల్ని తిట్టాలె సారూ? ఊరికెనే తిట్టనీకె నాకేమన్న పిచ్చా?"

కోడి పోయిందని ఆయన చెప్పాడు. రెబెకాకు అది చాలు. లేని కోడి కోసం, దాన్ని ఎత్తుకుపోయిన లేని దొంగను, వాడి వంశాన్నీ, వాడు కోడిని వండుకునే కుండనూ, ఆ కుండ కింద మంటనూ కలిపి తిట్టింది. శ్రవణ్ కుమార్ ఆపమని చెప్పడం మరచిపోయాడు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

ఆ సినిమా వనపర్తికి వచ్చిన రోజు వాడకట్టంతా హాలుకు కదిలింది. వీపనగండ్ల నుంచి మల్లమ్మ కూడా వచ్చి, కొత్త చీర కట్టుకుని కూతురి పక్కన కూర్చుంది. కోడి సీను వచ్చింది. తెర నిండా రెబెకా మొహం. కళ్ళు ఉరుముతున్నాయి, నోరు తెరుచుకుంది, పంచదార పాకంలాంటి సన్నని గొంతు వినపడింది: "ఎవర్రా నా కోడిని దొంగిలించిన దుర్మార్గుడు?"

హాల్లో వాడకట్టు జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"బిడ్డా, నోరు నీదే. లోపల ఎవరు కూసున్నరు?" అంది మల్లమ్మ.

"దుర్మార్గుడంట!" తాజ్‌బీకి ఒళ్లు మండింది. "కోడి పోతే ఎవరన్న దుర్మార్గుడు అంటరా? గట్లంటె వాడు కోడిని ఇంకింత మంచిగ వండుకుంటడు."

"నాకైతే మంచిగనే వినిపించింది" అన్నాడు సాంసన్. ఏడాదికొకసారి నోరు తెరిచే మనిషి సరిగ్గా ఆ వేళే తెరిచాడు. తరవాత కొన్నాళ్ళు ఆయన చారన్నమే తిన్నాడు.

రెబెకా ఫోన్ చేసి అడిగితే శ్రవణ్ కుమార్ మెత్తగానే చెప్పాడు. "మొహం అద్భుతం రెబెకమ్మా. యాస మాత్రం అందరికీ అర్థం కాదు. అందుకే వేరే గొంతు పెట్టించినం."

"అర్థం గాకపోతే మీ మైకు సారు ఎట్ల నోరు మూసుకున్నడు?" అని ఆమె అడిగింది. దానికి జవాబుగా ఆయన ఇంకో సినిమాలో చిన్న వేషం ఇస్తానన్నాడు.

అట్లా మొదలైంది. కూరగాయలమ్మే మనిషి, దవాఖానలో ఆయా, శవం పక్కన ఏడ్చే మేనత్త. ఒకసారి ఏకంగా శవమే. అన్నిటికీ ఎవరెవరో గొంతు ఇచ్చారు. "ఆ శవం వేషం ఒక్కటే నా సొంత గొంతుతోటి చేసిన" అని తాజ్‌బీతో చెప్పేది. పల్లికాయ సీజనులో మిల్లు, సీజను లేనప్పుడు సినిమా. సెట్టు మీద వాళ్ళకు మిల్లు కబుర్లు, మిల్లులో వాళ్ళకు సెట్టు కబుర్లు. రెండు చోట్లా కొంత ఉన్నవీ, కొంత లేనివీ.

శ్రవణ్ కుమార్ తరవాత టీవీ సీరియళ్ళలోకి మారాడు. "ఏడు వాకిళ్ళ ఇల్లు" అనే సీరియల్‌లో అత్తగారు భూలక్ష్మమ్మ వేషం వేస్తున్నావిడ మధ్యలో మానేసింది. దేవుడు మొక్కు అందుకున్నట్టు ఆ వేషం రెబెకా చేతికొచ్చింది. పట్టుచీరలు, చేతినిండా గాజులు, నడుముకు తాళాల గుత్తి. కోడలి పాలలో ఏదో ఒకటి కలపడం, గుమ్మం చాటు నుంచి కన్ను చిట్లించి చూడడం భూలక్ష్మమ్మ నిత్యకృత్యం. రెబెకా కన్ను చిట్లిస్తే ఇళ్లలో చంటిపిల్లలు భయపడి అన్నం తినేవాళ్ళు. కూతురు సుప్రియ నర్సింగ్ చదువుతున్న కాలేజీలో ఒక పంతులమ్మ ఆ పిల్లను పక్కకు పిలిచి, "ఇంట్ల నిన్ను మంచిగనే చూస్తదా అమ్మా?" అని జాలిగా అడిగింది. బస్సులో ఒక పెద్దావిడ పక్క సీటు ఖాళీగా ఉన్నా రెబెకాను కూర్చోనివ్వలేదు. "పో, పో. పాలు గాచుకోపో" అంది.

రెబెకాకు ఇదంతా పండగలా ఉండేది. ఒక్క చిక్కు తప్ప. టీవీలో భూలక్ష్మమ్మ నోరు తెరిస్తే గోదావరి గట్టునో కృష్ణా గట్టునో పుట్టిన ఏదో తియ్యని, నిండైన, జమీందారీ గొంతు వచ్చేది. "ఈ ఇంట్లో నా మాటే శాసనం!" అని. సొంత గొంతు ఎవరికీ తెలియదు.

ఆ చిక్కు గద్వాలలో బయటపడింది. బాలయ్య అనే ఆసామి కొత్తగా బట్టల దుకాణం తెరుస్తూ, రిబ్బను కత్తిరించడానికి భూలక్ష్మమ్మను పిలిచాడు. రోడ్డు నిండా జనం. రాయచూరు వైపు నుంచి కూడా వచ్చారు. రెబెకా తాళాల గుత్తి ఊపుకుంటూ దిగగానే ఈలలు. రిబ్బను కత్తిరించి, మైకు అందుకుని, కడుపునిండిన సంతోషంతో అంది: "అందరికి వందనాలు! మస్తు మంది వచ్చిండ్రు, మంచిగున్నరా?"

ఈలలు ఆగిపోయాయి. ఎవరో వెనక నుంచి, "అరె, ఈమె గాదురా!" అన్నారు. "భూలక్ష్మమ్మ గొంతు గిట్లుంటదా? డూప్‌ను పట్కొచ్చిండ్రు!" ముందు వరుసలో ఒక ముసలమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసి, "అయ్యో, ఇవరల్ల! బేరే యారో" అని, ఈమె కాదు, ఇంకెవరో అని కన్నడంలో తీర్పు చెప్పేసింది.

బాలయ్యకు చెమటలు పట్టాయి. "అమ్మా, దండం పెడత. టీవీల మాట్లాడినట్టు ఒక్క మాట అను."

రెబెకా గొంతు సవరించుకుని, పెదవులు గుండ్రంగా చుట్టి, "ఈ ఊళ్లో నా మాటే శాసనమండీ" అంది. నవ్వుల వాన కురిసింది. ఆఖరికి ఆమె అసలు మాటల్లో నలుగురిని తిట్టాక గాని జనం దారి ఇవ్వలేదు. అప్పుడు కూడా, "డూప్ అయినా మస్తు తిడుతుంది" అని మెచ్చుకుంటూనే పోయారు.

ఇంటికి వస్తూ దారి పొడుగునా రెబెకా మాట్లాడలేదు. సాంసన్ భయపడి రెండుసార్లు ఆటో ఆపి వెనక్కి తిరిగి చూశాడు. "నా మొఖానికి నేనే డూప్ అయితినా?" అందామె, ఇంటి ముందు దిగుతూ. కోపం కన్నా ఏడుపే ఎక్కువ ఉంది ఆ మాటలో.

మరునాటికి ఏడుపు పోయి కొంటెతనం మిగిలింది. సీరియల్ సెట్టులో ఒక సహాయకుడు పక్కన నిలబడి డైలాగు గట్టిగా చదువుతుంటాడు, నటులు దాన్ని పలుకుతారు. ఎట్లాగూ తరవాత డబ్బింగ్ చెప్పించేదే కాబట్టి మొహం బాగుంటే చాలు, ఏమన్నారో ఎవరికీ పట్టదు. మామగారి వేషం వేసే ఆయనైతే ఒకటీ రెండూ మూడూ అని అంకెలు లెక్కపెట్టి ఊరుకునేవాడు. రెబెకా అంతకన్నా పై మెట్టు ఎక్కింది. సహాయకుడు "నీ అంతు చూస్తాను!" అని చదివితే, భూలక్ష్మమ్మ నిప్పులు కక్కే కళ్ళతో, "ఏమే తాజ్‌బీ, ఈ పల్లీలల్ల సగం రాళ్ళే ఉన్నయి, ఈ మిల్లోడి కండ్లు ఏ గద్ద తన్నుకపోయిందే!" అనేది. ఎదురుగా నిలబడ్డ కోడలి పాత్రధారి నవ్వు ఆపుకోలేక కొంగుతో మొహం కప్పుకునేది. అది తెర మీద ఏడుపులా పండేది. శ్రవణ్ కుమార్ మురిసిపోయేవాడు.

నా నోటికి ఎవరు మాట అతికిస్తరో చూస్త, అనుకుంది రెబెకా.

కొన్నాళ్ళకు ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చి కూర తాలింపు వేస్తుంటే ఫోన్ మోగింది. ఎత్తితే అవతల భూలక్ష్మమ్మ.

"రెబెకా! ఏమనుకుంటున్నావు నువ్వు? నా సహనానికీ ఒక హద్దుంటుంది!"

రెబెకా చేతిలో గరిటె జారిపోయింది. టీవీ కట్టేసే ఉంది. తన మొహం తనకు ఫోన్ చేసి తిట్టడం ఆమె ఎక్కడా వినలేదు. "ఎవరు... ఎవరమ్మా?" అంది, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి సన్నగా.

అవతల గొంతు మారిపోయి మామూలు మనిషి గొంతయింది. "నేను శేషుకుమారినండీ. మీ పాత్రకు గొంతు ఇచ్చేదాన్ని. మొన్న మీరన్న ఆ డైలాగేవిటండీ బాబూ? కాగితం మీదేమో చిన్న మాట, మీ పెదాలేమో గూడ్సు బండిలా పోతూనే ఉన్నాయి. నింపలేక మధ్యలో దగ్గాను కూడా."

"అదా... అది పల్లీల ముచ్చట."

"పల్లీలా?"

రెబెకా ఉన్నదున్నట్టు చెప్పేసింది. అవతల కిసుక్కున నవ్వు, నవ్వు వెనకే నిట్టూర్పు. "బాగానే ఉందండీ మీ సరదా. కాని డైరెక్టరు గారు మిమ్మల్ని ఏవీ అనరు. పెదాలకు మాట కలవలేదని నన్ను తిడతారు. ఇంకోసారి ఇట్లా అయితే వేరే మనిషిని పెట్టుకుంటామన్నారు."

తాను విసిరిన రాయి ఎవరి నెత్తిన పడుతున్నదో రెబెకా ఎన్నడూ ఆలోచించలేదు. పొయ్యి మీద కూర మాడి వాసన వచ్చింది.

ఆ వారమే పల్లిపట్టీల డబ్బా పట్టుకుని హైదరాబాదులో డబ్బింగ్ చెప్పే చోటికి వెతుక్కుంటూ పోయింది. భూలక్ష్మమ్మ గొంతు ఉన్న మనిషి ఎత్తుగా, నిండుగా ఉంటుందని ఆమె ఊహ. అద్దాల గదిలో స్టూలు మీద కూర్చుని, మెడకు శాలువా చుట్టుకుని, ఫ్లాస్కులోంచి వేడినీళ్ళు తాగుతున్న పిచ్చుకలాంటి మనిషి కనపడింది.

"గీ బక్కపానంల నుంచి గంత గొంతు ఎట్లొస్తది అక్కా?" అంది రెబెకా, పలకరింపు కూడా మరచిపోయి.

శేషుకుమారిది తెనాలి. ఒకప్పుడు నటిద్దామనే వచ్చింది. "నాకు గొంతుంది, మొహం లేదన్నారు. మీకు మొహం ఉంది, గొంతు లేదన్నారు. ఇద్దరినీ కలిపి ఒక మనిషిని చేసుకున్నారు" అంది నవ్వుతూ. కథానాయికలకూ, దయ్యాలకూ, పసిపిల్లలకూ ఆమె గొంతిచ్చింది. పేరు మాత్రం ఎవరికీ తెలియదు. ఆమె అద్దెకుండే ఇంటావిడ రోజూ సీరియల్ చూసి, మెట్ల మీద ఆమెను ఆపి మరీ, "ఆ భూలక్ష్మమ్మ నోరు పడిపోను" అని శాపాలు పెడుతుందట. "నేనూ అవునండీ, పడిపోవాలండీ అంటాను. ఏం చెయ్యను?"

ఇద్దరూ నవ్వి నవ్వి పల్లిపట్టీలు సగం చేశారు. తరవాత రెబెకా గద్వాల సంగతి చెప్పింది.

"నా గొంతు నాకు గావాలె అక్కా. గని నీ కూడు పోయెటట్టుంటె నాకొద్దు."

శేషుకుమారి వేడినీళ్ళు ఒక గుక్క తాగి చాలాసేపు ఆలోచించింది. "భూలక్ష్మమ్మ దర్జాగా ఉన్నప్పుడు నేను. ఒళ్లు తెలియని కోపం వచ్చినప్పుడు మీరు. ఎట్లా ఉంటుంది?"

"సారు ఒప్పుకుంటడా?"

"అడిగితే ఒప్పుకోరు. అందుకని అడగం." పిచ్చుక కళ్ళలో దొంగ మెరుపు మెరిసింది.

కోడలు ఎదురు తిరిగి తాళాలు అడిగే పెద్ద సీను రాబోతున్నది. షూటింగ్ రోజున రెబెకా మొదటి సగం డైలాగులు బుద్ధిగా కాగితం మీద ఉన్నట్టే పలికింది. రెండో సగంలో కాగితాన్ని గాలికి వదిలి తన తీరుగా తిట్టింది. డబ్బింగ్ రోజున శేషుకుమారి మొదటి సగం శుభ్రంగా చెప్పింది. రెండో సగం మొదలవగానే దగ్గు అందుకుంది. ఆ దగ్గు కూడా పుట్టు కళాకారిణి దగ్గు, విన్నవాళ్ళకే గొంతు నొప్పి పుట్టింది. ఆ తరవాత మాటే లేదు. సైగలు చేసి మెడ చూపించింది. ఎపిసోడ్ ఆ సాయంత్రమే వెళ్ళాలి. ఆ గొంతును పోలిన ఇంకో గొంతు ఊళ్లో లేదు. శ్రవణ్ కుమార్ జుట్టు పీక్కున్నాడు.

సరిగ్గా అప్పుడే, అదే వీధిలో ఏదో పని ఉండి వచ్చినట్టు, రెబెకా గుమ్మంలో నిలబడింది.

"ఏంది సారూ, గట్ల పరేషాన్ అయితున్నవ్? నేనున్న గద. నేనే చెప్త."

"నీ యాసతోనా?"

"నా నోటికి నా యాస గాక మల్లెవరి యాస కలుస్తది సారూ?"

వేరే దారి లేక ఆయన మైకు ముందు నిలబెట్టాడు. తెర మీద తన పెదవులు కదలగానే రెబెకా అందుకుంది.

"ఏందే? తాళాలు గావాల్నా? ఈ ఇంటి గోడకు ఒక్కొక్క ఇటిక నేను మోసిన. నీ మొగనికి మూతి తుడుసుకోనీకె రానప్పుడు ఈ గడప నేను నిలబెట్టిన. తాళాలు గావాల్నంటె తీస్కో! తీస్కపోయి మెడల ఏస్కో, బర్రెకు గంట గట్టినట్టుంటది! తాళం తిప్పే చెయ్యి మాత్రం నీకు లేదు బిడ్డా, అది నా తానే ఉన్నది!"

పెదవులకూ మాటకూ వెంట్రుకవాసి తేడా లేదు. మూల కూర్చున్న శేషుకుమారి, గొంతు పోయిన మనిషి, "అబ్బ!" అని పైకి అనేసి, వెంటనే దగ్గింది. శ్రవణ్ కుమార్ ఆమె వంక ఒకసారి, రెబెకా వంక ఒకసారి చూశాడు. ఆయన మరీ అంత అమాయకుడేమీ కాదు. అయినా గడియారం వంక చూసి, "పంపించెయ్యండి" అన్నాడు.

ఆ సాయంత్రం వనపర్తిలో తాజ్‌బీ ఇంట్లో వాడకట్టు ఆడవాళ్ళంతా టీవీ ముందు ఉన్నారు. భూలక్ష్మమ్మ దర్జాగా మొదలుపెట్టి, ఉన్నట్టుండి మిల్లు గొంతుతో విరుచుకుపడేసరికి తాజ్‌బీ లేచి నిలబడి, చెవిలో దూది తీసి విసిరేసింది. "అరే వాహ్! మా రెబెకా!" వీపనగండ్ల నుంచి వచ్చిన మల్లమ్మ కదలకుండా చివరిదాకా చూసి, కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "ఇన్నొద్దులు సదివింది, ఇయ్యాల తిట్టింది" అంది.

ఛానెల్ వాళ్ళకు ఫోన్ల మీద ఫోన్లు. సగం మంది ఇదేం భాష అని కోప్పడ్డారు. వాళ్ళే మరునాడు మళ్ళీ ఆ ముక్క వేయమన్నారు. సీరియల్ రాసే ఆయన రెండు రోజులు తల పట్టుకుని ఒక కథ అల్లాడు. భూలక్ష్మమ్మ పాలమూరులో మట్టి మోసిన ఇంటి పిల్లట, పెద్దింటి కోడలై అసలు మాట దాచుకుని పరాయి మాట నేర్చుకుందట, కోపం వస్తే దాచుకున్నది బయటికి తన్నుకొస్తుందట. అప్పటిదాకా ఆమెను తిట్టినవాళ్ళు కూడా, "పాపం, ఎన్నేండ్లు దాచుకున్నదో" అనడం మొదలుపెట్టారు.

అప్పటి నుంచి డబ్బింగ్ గదిలో ఒకే నోటికి ఇద్దరు. పక్కపక్కన నిలబడేవాళ్ళు. ఒకరి మాట అయిపోగానే ఇంకొకరిని మోచేత్తో పొడవడం గుర్తు. ఒక్కోసారి ఎవరి వంతో తేలక పోట్లాట. "ఇక్కడ ఇంకా కోపం రాలేదండీ, చిరాకే వచ్చింది. చిరాకు నాది" అనేది శేషుకుమారి. "పండ్లు కొరుకుతున్న కనపడ్తలేదా అక్కా? పండ్లు కొరికినంక నాదే" అనేది రెబెకా. ఒక టీవీ ముఖాముఖిలో గొంతు గురించి అడిగితే రెబెకా మొహమాటం లేకుండా చెప్పేసింది. "నా నోట్ల సగం శేషుకుమారక్కది. ఆమె పేరు ఎయ్యకపోతే నేను నోరు తెరవ." ఆ వారం నుంచి సీరియల్ చివర చిన్న అక్షరాల్లో ఆ పేరు పడింది. తెనాలి మనిషి ఇంటావిడను పిలిచి మరీ చూపించింది. ఇంటావిడ మరునాడు గుత్తొంకాయ కూర పంపించింది.

గద్వాల బాలయ్య దుకాణానికి ఏడాది నిండినప్పుడు మళ్ళీ పిలిచాడు. ఈసారి రెబెకా శేషుకుమారిని వెంటబెట్టుకుని పోయింది. జనం ముందు నిలబడి రెబెకా పెదవులు మాత్రం కదిపింది. వెనక నుంచి శేషుకుమారి, "ఈ ఊళ్లో నా మాటే శాసనం!" అంది. జనం నివ్వెరపోయారు. వెంటనే రెబెకా తన గొంతుతో, "ఏందిరా గట్ల నోరు తెరిచి చూస్తుండ్రు? పోయిన సారి డూప్ అన్నదెవరు? చెయ్యెత్తుండ్రి!" అని అరిచింది. సగం జనం చేతులెత్తారు. శేషుకుమారిని ముందుకు లాగి నిలబెట్టింది. అన్నేళ్ళలో జనం ఎదుట నిలబడడం శేషుకుమారికి అదే మొదటిసారి. వాళ్ళు ఆగకుండా ఈలలు వేస్తుంటే ఏం చెయ్యాలో తెలియక భూలక్ష్మమ్మలా కన్ను చిట్లించబోయింది. రెండు కళ్ళూ మూతపడ్డాయి, నీళ్ళు కారాయి.

ఏడు వాకిళ్ళ ఇల్లు చాలాకాలం నడిచి ఆఖరికి మూతపడింది. శేషుకుమారికి పని తగ్గలేదు. ఇప్పుడు ఆమెను పేరు పెట్టి పిలుస్తున్నారు. రెబెకాకు ఈ మధ్య ఒక సినిమా వచ్చింది. తీస్తున్నది ముబషిరా అని నాగర్‌కర్నూల్ పిల్ల, బాగా చదువుకుని వచ్చింది. ఇంటికి వచ్చి, చాయ్ తాగి, కథంతా చెప్పి, చివర్లో బెరుకుబెరుగ్గా అసలు సంగతి బయటపెట్టింది.

"అక్కా, సినిమా మొత్తం మీదే. గని... ఆమె మూగది. ఒక్క మాట కూడ ఉండదు."

సాంసన్ గ్లాసు కింద పెట్టాడు. "ఈ సినిమా నేను దినాం పోయి చూస్త" అన్నాడు.

రెబెకా చాట తీసుకుని వెంటపడింది. కాని వేషం ఒప్పుకుంది.

మొదటి రోజు షూటింగ్ నాగర్‌కర్నూల్ దగ్గర ఒక పొలంలో. భూమి లాక్కోవడానికి వచ్చిన మనిషిని ఆమె ఆపాలి. "అక్కా, తిట్టాలె. గని నోరు కదలొద్దు" అంది ముబషిరా. రెబెకా మొదటిసారి ప్రయత్నించినప్పుడు పెదవులు వాటంతటవే కదిలిపోయాయి. రెండోసారీ అంతే. మూడోసారి నాలుకను పళ్ళ మధ్య బిగబట్టి, అనాల్సిన తిట్లన్నీ కళ్ళలోకి ఎక్కించి, ఊరికే నిలబడి చూసింది. ఎదుటి నటుడు తన డైలాగు మరచిపోయి ఒకడుగు వెనక్కి వేశాడు. కథలో ఆ అడుగు లేదు. ముబషిరా దాన్ని అట్లాగే ఉంచింది. రెబెకాకు మాత్రం, మాట లేకుండా కూడా తన లోపల ఇంత ఉందని తెలిసి కాస్త భయమూ, చాలా సంతోషమూ కలిగాయి.

సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే సాంసన్ ఆటో తెచ్చాడు. ఎక్కీ ఎక్కగానే రెబెకా మొదలుపెట్టింది. పొద్దటి నుంచి బిగబట్టిన మాటలన్నీ ఒక్కసారిగా. ఆ నటుడు ఎట్ల వెనక్కి పోయిండో, ముబషిరా ఎట్ల చప్పట్లు కొట్టిందో, నాలుక ఎక్కడ కొరుక్కున్నదో. బిజినేపల్లి దాటినా ఆగలేదు. సాంసన్ ఊఁ కొడుతూ, తల ఊపుతూ నడుపుతున్నాడు. ఒకచోట ఆమె గొంతు బొంగురుపోయింది. ఆయన ఆటో పక్కకు ఆపి, సీటు కింద నుంచి నీళ్ళ సీసా తీసి వెనక్కి అందించాడు.

"జర తాగు. తాగి చెప్పు. తరువాత ఏమాయె?"